గండము గడచినవారి సాక్ష్యము

మృత్యుముఖమునుండి తప్పించుకొని వచ్చినవానిని చూచుటకు జనులు గుమిగూడినప్పుడు మొదట వినవచ్చు మాట "వీనికింకను భూమిమీద నూకలున్నవి" అనునది. మఱియొకరు ఆయుస్సు గట్టిదందురు. వృద్ధురాండ్రు మిత్తి వాకిటిదాక వచ్చి మరలినదని చెప్పి దిష్టి తీయుదురు. మఱునాటి పత్రిక వానికి మృత్యుంజయుడని పేరిడును. ఈ మాటలన్నియు ప్రేమతో పలుకబడునవే గాని ద్వేషముతో పలుకబడునవి కావు. వానిని పలుకువారిని పరిహసించుట మా యుద్దేశము కాదు. అయినను వానియందొక లోపము గలదు. ఆ మాట నోట వెడలినతోడనే విచారణ ముగిసిపోవును. నూకలుండుటచేతనే బ్రతికెనన్నచో, ఎవరు పట్టి లాగిరి, ఏ త్రాడు తెగక నిలిచెను, ఎంత వ్యవధి దొరకెను, ప్రక్కనున్నవాడేల రాలేకపోయెను అను ప్రశ్నలకు తావే లేదు.

మేము న్యాయవాద వృత్తియందు ఇరువది వత్సరములనుండి యున్నాము. మరణము సంభవించినచోట మన ప్రభుత్వ యంత్రమెంత వ్రాయునో యెఱుగుదుము. పంచనామా, శవపరీక్ష, సాక్షుల వాఙ్మూలములు, కొలతలు, పటములు, పరిహారపు దరఖాస్తులు, అన్నియు గలవు. అదే మరణము వెండ్రుకవాసిలో తప్పిపోయినచోట తఱచుగా ఒక్క కాగితమైనను పుట్టదు. కొబ్బరికాయ కొట్టి ఇంటికి పోవుదుము. ఆలోచించి చూడగా ఈ రెండవదియే మనకెక్కువ నేర్పగలది. ఏలయన చచ్చినవాడు సాక్ష్యము చెప్పలేడు, బ్రతికినవాడు చెప్పగలడు.

గండమను మాటను మన జ్యోతిష్కు లెట్లు వాడుదురో చూడుడు. ఫలానా యేట జలగండమని జాతకమున వ్రాయుదురు. ఆ యేడు గడచెనా, శాంతి చేయించుటచేత గడచినదందురు. గడువకపోయెనా, ముందే చెప్పితిమి కదా యందురు. ఎటు తిరిగినను ఓడిపోని వాదమిది. న్యాయస్థానమున నిట్టి వాదమును తెచ్చినచో న్యాయాధిపతి దానిని వినడు. ఏది జరిగినను నిలుచు మాటకు ఏది జరిగెనో తెలుపు శక్తి లేదు. మన యిండ్లలో మాత్రమది నేటికిని చెల్లుబాటగుచున్నది.

మా మంచిర్యాలను తీసికొందము. 2016 అక్టోబరులో ఆదిలాబాదునుండి వేరుపడి జిల్లాయైన ఈ ప్రదేశమునకు దక్షిణమున గోదావరి. శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతములందు బొగ్గుగనులు. వానిచుట్టును అడవియు, పత్తి చేలును. ఇచ్చటి సామాన్యునకు నీరు, నేల, విషము అను మూడింటినుండియు ప్రాణభయము గలదు. ఈ మూడింటినుండి తప్పించుకొన్నవారు లేని వాడ మా యెఱుకలో లేదు.

ముందు నీటి సంగతి. 2022 జూలై రెండవ వారమున కురిసిన వర్షములకు మాకు ఎగువనున్న కడెము జలాశయము పొంగెను. ఇది నిర్మల్ జిల్లాలోనిది. దానినుండి విడిచిన నీరు గోదావరిలో కలిసి మావైపునకే వచ్చును. ఈ కట్ట 1958లో నొకమాఱు, 1995లో నొకమాఱు వరదకు దెబ్బతిన్నది. 2022లో ఆ రాత్రి లోనికి వచ్చిన ప్రవాహము 5 లక్షల క్యూసెక్కులకు మించెను. ద్వారములన్నియు తెరచినను బయటికి పోగలది సుమారు 3 లక్షలు. 18 ద్వారములలో ఒకటి లేవకయే పోయెను. దిగువ గ్రామములవారిని చీకటిలో మెరకకు తరలించిరి. తెల్లవారునప్పటికి వరద తగ్గుముఖము పట్టెను, కట్ట నిలిచెను. ఆ దినములలోనే మంచిర్యాలలోని మాతాశిశు ఆసుపత్రిలోనికి నీరు వచ్చి, గర్భిణులను, బాలింతలను, శిశువులను మఱియొక చోటికి చేర్పవలసివచ్చెను. దిగువను భద్రాచలముకడ జూలై 16న గోదావరి 71.3 అడుగుల మట్టమునకెక్కెను. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరద తరువాత అంతటి మట్టము అదియే.

కడెము కరుణించినదని జనులనుకొనిరి. అనుకొనవచ్చును. కాని లేవని ద్వారమొకటి యుండెను గదా! మఱుసటి సంవత్సరము, 2023 జూలైలో, వరద మఱల వచ్చినప్పుడు ఆ 18 ద్వారములలో 14 మాత్రమే లేచెను, 4 మొరాయించెను. తప్పిపోయిన యాపద చెప్పిన సాక్ష్యమును వినకుండుట యనగా నేమో ఈ రెండంకెలకన్న స్పష్టముగ మేము చెప్పలేము. 2022లో కట్ట తెగియుండినచో విచారణ సంఘములు కూర్చుండెడివి, ప్రతి చీలయు పరీక్షింపబడియుండెడిది. తెగలేదు గనుక కరుణయని మురిసితిమి; ఒకటి నాలుగాయెను.

అదే వరదలో చెన్నూరు మండలమందలి సోమన్‌పల్లికడ ఇద్దరు నీటి నడుమ చిక్కుకొని, త్రాగునీటి ట్యాంకుపై కెక్కి ప్రాణములు నిలుపుకొనిరి. హకీంపేటనుండి వచ్చిన వాయుసేన హెలికాప్టరు వారిని పైకి లాగికొనెను. ఈ వార్త దేశమంతట వ్యాపించెను. హెలికాప్టరు చిత్రమును అందరును చూచిరి. తగినదే, ఆ సైనికుల సాహసము చిన్నది కాదు. కాని హెలికాప్టరు వచ్చువఱకు ఆ యిద్దరిని మోసినదేది? సిమెంటు పాలు తగ్గింపక కట్టిన ట్యాంకు. దానిని కట్టిన మేస్త్రీని, ఇనుము వంచిన కూలిని ఆనాడెవరు తలచిరి? వరదలో కూలని కట్టడము కట్టినవాడు ఇద్దరిని రక్షించుచున్నానని యెఱుగకయే రక్షించినాడు. ప్రాణదాతలలో నిట్టివారే యెక్కువమంది.

ప్రాచీన గ్రీసు దేశమున డయాగొరాసను నాస్తికుని గూర్చి యొక కథ గలదు. రోమను న్యాయవాదియగు సిసెరో దానిని చెప్పియున్నాడు, 1620లో ఇంగ్లీషు తత్త్వవేత్తయగు బేకనును పేరు చెప్పక దానినే యుదాహరించెను. ఓడ మునిగినప్పుడు దేవతలకు మ్రొక్కి ప్రాణములతో బయటపడినవారి చిత్రములను కోవెలలో వ్రేలాడగట్టియుండిరట. ఇవి చూచిన తరువాతనైనను నమ్మవా యని మిత్రు డడుగగా, మ్రొక్కియు మునిగిపోయినవారి చిత్రము లెక్కడ నున్నవని యతడు తిరిగి యడిగెనట. ఆస్తిక నాస్తిక వివాద మటుండనిండు. మేమును దైవకృతజ్ఞతను విడువుమని చెప్పువారము కాము. కాని ఆ ప్రశ్నలోని న్యాయము ఆస్తికునకే యెక్కువగ తగులును. ఒక్కని బ్రతికించుటకు దైవము చేయి చాచెనని చెప్పునప్పుడు, ప్రక్కనే చచ్చిన పదునేడుగురి వైపు చేయి చాపలేదని చెప్పినట్లే యగును. ఆ పదునేడుగురి భార్యలు ఆ మాటను వినుచుందురు.

మాకు పదునొకండవ యేట జరిగినదొకటి యిచ్చట చెప్పెదము. వర్షములు వెనుకపట్టి గోదావరి తేటపడిన దినములవి. మంచిర్యాల యొడ్డున పిల్లలతో స్నానమునకు దిగితిమి. మోకాలిలోతు నీరని నడచుచుండగ నొక్కయడుగులో ఇసుక జాఱి కాలిక్రింద నేల లేకపోయెను. మునుగుట సినిమాలో చూపినట్లు కేకలతో గూడినది కాదు. నోట నీరు నిండినవానికి కేక రాదు. ఒడ్డున బట్టలుతుకుచున్న యొక వృద్ధుడు చూచెను. ఆయన నీటిలోనికి దూకలేదు. నడుములోతువఱకు వచ్చి నిలిచి, చేతిలోని తడిచీరను విసరి, "బిడ్డా, నీళ్లు కొట్టకు, చీర పట్టు" అనెను. రెండవమాఱు విసరినప్పుడు కొంగు మా చేతికి చిక్కెను.

ఈ సంగతిని పెద్దవారమైన తరువాత పరిశీలించితిమి. మునుగుచున్నవాడు దొరకిన మనిషిని పట్టి పైకెక్కజూచును. అందుచేతనే రక్షింప దూకినవా డనేక పర్యాయములు తానును మునుగును. బయట నిలిచి త్రాడో కఱ్ఱయో బట్టయో అందించుట మొదటి మార్గమని ఈతగాండ్రకు నేడు శిక్షణ యిచ్చువారందఱు చెప్పుదురు. ఆ వృద్ధుడు ఏ శిక్షణయు పొందినవాడు కాడు. ఏబది యేండ్లు నదిలో నిలిచినవాడు. అది విద్య గాక మఱేమి?

ఇంట జరిగినది వినుడు. గండము గడచినదని మా పెద్దలు మమ్ము గూడెం గుట్టకు కొనిపోయి సత్యనారాయణ వ్రతము చేయించిరి. తరువాత ఇంటికడ బ్రాహ్మణ భోజనములు జరిగెను. ఆ వృద్ధుని గూడ పిలిచిరి. పంక్తులన్నియు లేచిన పిమ్మట పెరటిగోడకడ ఆకు వేసి వడ్డించిరి. ఆయన పేరెవ్వరును పలుకగ మేము వినలేదు. "చాకలాయన" యనియే యనిరి. ఆ చీర వేఱొకరి యింటిది. మా గోళ్లకును, ఈడ్పునకును అది చినిగెను. దాని వెలను ఆ యింటివారు ఆయనకు రావలసిన ధాన్యములో తగ్గించుకొనిరట. ఈ సంగతి మేము న్యాయవాదులమైన తరువాత ఆయన కుమారుడు చెప్పగ వింటిమి. పురోహితునకు సంభావన ముట్టినది, దేవునికి కొబ్బరికాయలు ముట్టినవి. చీర పోయిన నష్టము మాత్రము చీర విసరినవానిపై పడెను. గండము గడచుటను గ్రహచారమునకు జమకట్టినయెడల ఖర్చు ఎవరి ఖాతాలో పడునో చదువరులు గమనింతురు గాక.

ఇక విషము. మా ప్రాంతమున పాము కరచినవారిని నేటికిని మొదట మంత్రగానికడకు కొనిపోవు కుటుంబములు గలవు. మంత్రగానికి కీర్తి యెట్లు వచ్చును? పాములలో అధికభాగము విషము లేనివి. విషము గలదియు కొన్ని పర్యాయములు విషమును దింపకయే కరచును. అట్టి కాట్లకు మంత్రించినను మంత్రింపకున్నను మనిషి బ్రతుకును. బ్రతికినవాడు జీవితాంతము ఆ మంత్రగాని పేరు చెప్పుకొని తిరుగును. నిజముగ విషమెక్కినవాడు మార్గమధ్యమున చచ్చును. వానికి నూకలు చెల్లినవందురు. డయాగొరాసు కోవెలలో చూచిన చిత్రములే యివి.

కట్లపామును గూర్చి కొంచెము వివరింపవలెను, ఏలయన మోసము దానియందెక్కువ. ఇది రాత్రివేళ, నేలమీద పండుకొన్నవానిని కరచును. నొప్పి యుండదు, వాపుండదు, గాటు కంటికి కనబడకపోవచ్చును. తెల్లవారుసరికి కడుపునొప్పి యనును, కనుఱెప్పలు వాలును, మ్రింగుడు పడదు, మాట ముద్దయగును; తుదకు ఊపిరి కండరములు నిలిచిపోవును. అట్టివానికి విషహరపు మందును, ఊపిరి యాడించు యంత్రమును వేళకు దొరకినచో లేచి నడచి యింటికి రాగలడు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అను నాలుగింటి విషమునకును పనిచేయు మందొక్కటియే. గుఱ్ఱములకు కొద్దికొద్దిగ విషమిచ్చి వాని రక్తమునుండి తీయుదురు. 2000 మొదలు 2019 వఱకు మన దేశమున పాముకాటుచేత చచ్చినవారు సంవత్సరమునకు సగటున 58,000 మందియని 2020లో పరిశోధకులు లెక్కకట్టిరి. ఈ మరణములు అధికముగ నున్న రాష్ట్రములలో తెలుగునేల చేరియున్నది. కావున పాముకాటునుండి బ్రతికినవానిని మనమడుగవలసినది ఎవరు మంత్రించిరని కాదు. కాటుకును సూదికిని నడుమ ఎన్ని గంటలు గడచెను, ఏ వాహనమున వచ్చితివి, మొదట పోయిన ఆసుపత్రిలో మందుండెనా యని యడుగవలెను. ఇరువదిమంది చెప్పిన జవాబులను ప్రక్కప్రక్కన వ్రాసినచో, ఆ మండలమున మందు ఏ యూర నుంచవలెనో తెలియును.

గనుల విషయమును విస్తరించి చెప్పుటకు చదువరుల యనుమతి వేడుచున్నాము. మా జిల్లా బ్రతుకంతయు దానిమీద నున్నది.

గోదావరికి ఆవలియొడ్డున గోదావరిఖనియందు, 2003 జూన్ 16న, 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొరబడి 17 మంది కార్మికులు చనిపోయిరి. నాలుగు నెలలకు, అక్టోబరు 16న, అక్కడి 8ఎ గనిలో పైకప్పు కూలి 10 మంది చనిపోయిరి. 2022 మార్చి 7న రామగుండము ప్రాంతపు అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు పడెను. కొందఱా దినముననే బయటపడిరి. ఒక బదిలీ కార్మికుడు మఱునాడు సజీవుడై వెలికివచ్చెను. ముగ్గురు రాలేదు, వారిలో ఒకరు భద్రతాధికారి. ఇతరుల ప్రాణములు కాపాడుటయే యుద్యోగమైనవాడు చచ్చి, దినకూలివంటివాడొకడు బ్రతికెను. నూకల సిద్ధాంతమున కిది మంచి యుదాహరణమనిపించును. కాని గని కార్మికుని కడ కూర్చుండి విన్నవారికి అది సిద్ధాంతమువలె తోచదు. ఒక్కొక గజము దూరమున, ఒక్కొక నిలువుకఱ్ఱ ప్రక్కన, ఒక్కొక నిమిషమున ఏమి జరిగెనో వారు చెప్పుదురు.

పైకప్పు చెప్పకుండ పడునని బయటివారనుకొందురు. పాత కార్మికులు అట్లనరు. కఱ్ఱతో పైకప్పును తట్టినప్పుడు గట్టి బండ యొక విధముగ మ్రోగును, విడివడిన బండ డొల్లగ మ్రోగును. బరువు దిగునప్పుడు ఆధారముగ నిలిపిన కఱ్ఱలు చిటచిటలాడును. సన్నని పొడి రాలును. పొరలు విచ్చుకొను చప్పుడు దూరమునుండి వినవచ్చును. ఈ గుర్తులను పట్టి తన జట్టును వెనుకకు పిలిచిన సర్దారునివలన బ్రతికినవారు సింగరేణి బస్తీలలో ఎందఱో గలరు. కాని ఈ యనుభవము పుస్తకములకెక్కుట యరుదు. పింఛను పుచ్చుకొన్న వృద్ధులతో మాయమగుచున్నది. యంత్రములు పెరిగినకొలది చెవికి ఈ చప్పుడు వినబడుటయు కష్టమగుచున్నదని వారే చెప్పుదురు. యంత్రపు రొదలో బండ మాట యెవరు విందురు?

చట్టమీ విషయమున జనులకంటె ముందున్నదని చెప్పినచో చదువరులు విస్మయపడుదురు. 1952వ సంవత్సరపు గనుల చట్టము, దాని క్రింది నియమములు, మరణమో గాయమో జరిగినప్పుడు మాత్రమే కాక, ఎవరికిని దెబ్బతగులకపోయినను, నీరు చొరబడుట, మంటలు లేచుట, మనుష్యులను దింపు త్రాడు తెగుట మొదలైనవి జరిగినంతనే అధికారులకు తెలుపవలెనని విధించెను. 2025 నవంబరులో ఆ చట్టమునకు బదులుగ అమలులోనికి వచ్చిన 2020 నాటి వృత్తిభద్రతా స్మృతియందును అపాయకర సంఘటనలను తెలుపు విధి యున్నది. ప్రాణాపాయము సమీపించినదని సహేతుకముగ తోచిన కార్మికుడు ఆ సంగతిని యజమాని దృష్టికి తెచ్చు హక్కును ఆ స్మృతి యంగీకరించినది. చట్టము తన మాట చెప్పినది. చెప్పవలసినవాడు చెప్పునా యనునదే ప్రశ్న.

చెప్పకపోవుటకు కారణము అజ్ఞానము కాదు, భయము. పైకప్పు చప్పుడు విని పరుగెత్తి వచ్చినవానిని, కప్పు పడినచో బుద్ధిమంతుడందురు. ఆనాడు పడక మఱునాడు పడినచో పని విడిచి వచ్చినవాడందురు. శాశ్వతోద్యోగికి సంఘమొకటి వెనుకనుండును. కాంట్రాక్టు కూలికి మఱునాటి పిలుపే గతి. వాడు తన గండమును గూర్చి నోరు మెదపడు. ఇంటికి పోయి భార్యతో చెప్పును; ఆమె మైసమ్మకు కోడిని కోయును. అచ్చటితో సాక్ష్యము ముగిసెను. ఆ కోడి వెలకు ఒక కాగితమును, ఒక కలమును కొనవచ్చునని మేము వెక్కిరించుట లేదు. ఆ కాగితమును భయము లేక ఇచ్చు తావు వానికి మనమేర్పఱచలేదని చెప్పుచున్నాము.

వినినచో ఫలమెట్లుండునో బెంగాలున రాణీగంజు ప్రాంతపు మహాబీరు గని చూపినది. 1989 నవంబరు 13న పాత గుంతలలోని నీరు ఆ గనిలోనికి విరుచుకపడెను. 71 మంది లోపల చిక్కిరి; 6గురు చనిపోయిరి. మిగిలిన 65 మంది యొక మెరకచోట నిలిచియున్నారు. జస్వంత్ సింగ్ గిల్ అను ఇంజనీరు పైనుండి క్రొత్తగ నొక బొరియ తొలిపించి, మనిషి నిలువున పట్టునంతటి ఇనుప గుళికను చేయించి, తానే దానిలో దిగి, 65 మందిని ఒక్కొక్కరిగ పైకి పంపి కడపట తాను వచ్చెను. అంతకు పదునాలుగేండ్ల క్రిందట, 1975 డిసెంబరు 27న, చాస్‌నాలా గనిలో ఇట్టి నీటికే 375 మంది బలియైరి. చాస్‌నాలాను గూర్చి విచారణ జరిగెను, గ్రంథము లేర్పడెను. మహాబీరు కథను సాహసగాథగ చెప్పుకొనుచున్నాము, అది తగును. అయితే ఆ 65 మందిలో ప్రతివాడును ఏ దారిని పరుగెత్తి ఆ మెరకకు చేరెను, ఎవరు పిలిచిరి, ఎవరి దీపము వెలుగుచుండెను అనునది సాహసమంత విలువగలది కాదా? మఱియొక గనిలో నీరు వచ్చిననాడు గుళికకు ముందు కావలసినది ఆ జ్ఞానమే.

2023 నవంబరు 12న ఉత్తరాఖండమున సిల్క్యారా సొరంగము కూలి 41 మంది కార్మికులు చిక్కి 17 దినములకు బయటపడిరి. విదేశీ తొలుపు యంత్రము కడపటి గజములలో విఱిగిపోగా, ఎలుకబొరియలవంటి గనులలో చేతిపని చేయుటకు అలవడిన బీదకూలీలు చేతులతో త్రవ్వి దారి చేసిరి. మన తెలంగాణమున 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లాలో శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగము కూలినప్పుడు లోపలనున్నవారిలో పలువురు పరుగెత్తి బయటపడిరి. 8 మంది ప్రాణములతో రాలేదు. ఆ బురదలో వెదకుటకు పోయినవారిలో సింగరేణి గని రక్షణ దళములును, ఆ యెలుకబొరియ పనివారును ఉండిరి. తప్పించుకొన్న పలువుర వాఙ్మూలమును ఆ 8 మంది కుటుంబములు చదివి యర్థము చేసికొనునట్లు తెలుగులోను హిందీలోను అచ్చువేయుట ఎంత యుచితమైన పని!

ఇక తప్పించుకొన్నవాని మనస్సును గూర్చి. 1849 డిసెంబరు 22న రష్యా రచయిత దోస్తోయెవ్‌స్కీని వధ్యస్థలమునకు తెచ్చి, తుపాకులు ఎక్కుపెట్టిన తరువాత, మరణశిక్ష రద్దైనదని ప్రకటించిరి. ఆయన జీవితాంతము ఆ నిమిషములను మఱువలేదు. తరువాతి నవలలో వానిని ఒక పాత్రచేత చెప్పించెను. ఆయనతోడనే నిలిచిన వారిలో ఒకనికి అచ్చటనే మతి చెడెను. బ్రతుకు తిరిగి దొరకినవాడు ఆనందమున తేలునని మనమనుకొనుట సత్యము కాదు. మా కార్యాలయమునకు పరిహారపు వ్యవహారములకై వచ్చు ప్రమాద బాధితులలో, తమకు తగిలిన దెబ్బలకంటె ప్రక్కవాని చావును గూర్చియే యెక్కువగ మాటలాడువారిని చూచుచున్నాము. "మా తోటోడు పోయిండు, నేనెందుకు మిగిలిన సారూ" అని యొక యువకుడు మమ్మడిగెను. దానికి నూకలను చెప్పి సమాధానపఱచుట క్రూరము. నీకున్నవి, వానికి లేకపోయినవి యనుట వాని గాయమున కారము చల్లుటయే. వాడు లారీకి ఎడమప్రక్కను కూర్చుండెను, స్నేహితుడు కుడిప్రక్కను. వచ్చిన బండి కుడివైపున తగిలెను. ఆ కొలతపటమును వానికి చూపితిమి. చాలసేపు చూచి, "అయితే నా తప్పు లేదు" అనెను. రెండు మాసములనుండి వా డా మాట కొఱకే వెదకుచుండెనని అప్పుడు తెలిసెను.

కావున సాక్ష్యము గ్రహించుటయందు మృదుత్వము కావలెను. గండము గడచిన దినముననే చుట్టుముట్టి చెప్పుము చెప్పుమనరాదు. నిద్ర పట్టి, అన్నము తినిన తరువాత అడుగవచ్చును. మఱీ యాలస్యము చేసినను చెడును. పదిమందికి చెప్పినకొలది కథ నునుపెక్కును, చూడనివియు చూచినట్లు చేరును, స్వప్నమున కనబడిన దేవతయు ఒడ్డున నిలుచును. వాడు చెప్పుచుండగ నడుమ ఆపి దైవమును, ధైర్యమును పొగడరాదు. ఎంత నీరు, ఏ చప్పుడు, ఎటువైపు, ఎవరు పిలిచిరి, అంతకుముందు దినములలో ఏ వింత కనబడెను అని యడుగవలెను. ఈ కడపటి ప్రశ్నను మఱువరాదు. పెక్కు ప్రమాదములు వచ్చుటకు ముందు ఒకటి రెండు పర్యాయములు తొంగిచూచి పోయినవే. చెప్పుటకు ఇష్టము లేనివానిని విడిచిపెట్టవలెను. రక్షించినవారి పేరు, తండ్రి పేరు, ఊరు తప్పక వ్రాయవలెను. "చాకలాయన" యనియో "ఎవరో కూలివాడు" అనియో వ్రాసి విడుచుట చాలదు. రక్షించుటలో వారికి కలిగిన నష్టమును, అది చినిగిన చీరయే యైనను, వెలకట్టి వ్రాయవలెను.

వ్రాసినది రెండు ప్రతులుగ నుండవలెను. ఒకటి చెప్పినవానికి, రెండవది, నీటి విషయమైనచో గ్రామ పంచాయతీకి, గని విషయమైనచో భద్రతా సంఘమునకు. వ్రేలిముద్ర వేయువాడైనచో, వేయించుటకు ముందు కాగితమంతయు వానికి చదివి వినిపింపవలెను. మనము చదువుకొన్నవారము గనుక వాగనియో ప్రవాహమనియో వ్రాసియుందుము. వాడు ఒర్రె అని చెప్పియుండినచో, కొట్టివేసి ఒర్రె యనియే వ్రాయవలెను.